రెండో దెబ్బ

"ఒక దెబ్బతో ఆపొచ్చుగా అమ్మా, రెండోది ఎందుకు కొట్టావు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నరసింహారావు, రాస్తున్న కాయితం మీంచి తలెత్తకుండా.

పద్మజకు ఒళ్ళు మండింది. పదమూడేళ్ళ కాపురంలో మొగుడు ఫణి ఎన్ని దెబ్బలు కొట్టాడో ఒక్కరూ అడగలేదు. బుగ్గ వాచిన రోజున అత్త ధనమ్మ, "సంసారం బజారున పెట్టుకోమాకే" అంటూ కొబ్బరినూనె సీసా చేతికిచ్చింది. తను కొట్టిన రెండిటికీ మాత్రం టైము కావాలి, కర్ర పొడవు కావాలి. మెడ మీద వేళ్ళ అచ్చులు చూపించింది. "అయ్యి రెండ్రోజుల్లో పోతయ్ లేమ్మా, ఆయనకి ఎముక విరిగింది" అన్నాడు నరసింహారావు.

జరిగింది ఇంతే. ఆదివారం మధ్యాహ్నం చపాతీలు వత్తుతూ, అమ్మకి ఆపరేషను, వారం రోజులు ఎడ్లపాడు పోయొస్తానంది. "ఇక్కడ వండేది ఎవరు?" అన్నాడు ఫణి. "వారమేగా, మీరే వండుకోండి" అంది. ఆ మాటకే గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు. ఊపిరాడలేదు. చేతిలో ఉన్న చపాతీ కర్రతో భుజం మీద కొట్టింది. వదల్లేదు, ఇంకా బిగించాడు. రెండో దెబ్బ మణికట్టు మీద పడ్డాక వదిలాడు. సాయంత్రానికల్లా కట్టు కట్టించుకుని వచ్చి కేసు పెట్టాడు.

నిజానికి కర్ర మూడోసారి కూడా లేచింది. అతను వెనక్కి వెనక్కి పోతుంటే, పదమూడేళ్ళకీ కలిపి ఒక్కటి వెయ్యాలనిపించింది. ఎందుకో దించేసింది. ఆ సంగతి లాయరు సయీదాకు ఒక్కదానికే చెప్పింది.

"అక్కడ ఆగావు చూడు, అదే నిన్ను కాపాడేది" అంది సయీదా. "వదిలించుకునేదాకా కొట్టడం నీ హక్కు. వదిలాక కొడితే అది కక్ష కిందికొస్తది."

మర్నాడు ధనమ్మ రాజీ కాయితం పట్టుకుని సయీదా ఆఫీసుకే వచ్చింది. 'చపాతీలు వత్తుతుండగా చెయ్యి జారి కర్ర తగిలినది' అని రాసుంది.

"సంతకం పెట్టవే. వాడు రాజీకొస్తానన్నాడు. ఆడదాని చేత దెబ్బలు తిన్నాడంటే వాడికి పరువా? నీకు మాత్రం పరువా?"

పద్మజ సయీదా వంక చూసింది.

"పెడితే తొందరగా తేలిపోద్ది" అంది సయీదా. "ఆత్మరక్షణ అంటే మాత్రం, కొట్టానని ముందు నువ్వే ఒప్పుకోవాలి. ఎందుకు కొట్టావో మనం చూపించుకోవాలి. ఏళ్ళు పట్టొచ్చమ్మా."

ఇన్నేళ్ళూ ఫణి కొట్టినప్పుడల్లా, బాత్రూంలో కాలు జారిందని పక్కింటామెకు చెప్పింది పద్మజ. మెట్ల మీద జారానని డాక్టరుకు చెప్పింది. కన్నతల్లికీ అదే చెప్పింది. ఇప్పుడిక చెయ్యి కూడా జారాలి. జారితే, ఆ మధ్యాహ్నం తన గొంతు ఎవరూ పట్టుకోనట్టే.

కాయితం మడిచి అత్త చేతిలో పెట్టింది.

"నా చెయ్యి జారలేదు మేడం. రెండు దెబ్బలూ నేనే కొట్టాను, బతకాలని. అట్టాగే రాయండి."