ఎర్లిండా అవ్వ తొట్లో చేపలు

డెంగీ తగ్గాలని ఆరోగ్యకేంద్రం తరఫున మా వీధిలో ఇంటింటా నీళ్లతొట్లో చిన్నచేపల్ని వదిలాను. అవి దోమపిల్లల్ని తినేస్తాయి. అన్ని తొట్లూ బాగుపడ్డాయి. ఎర్లిండా అవ్వ తొట్లో మాత్రం దోమపిల్లలు కిటకిటలాడుతున్నాయి. చేపలేమో బొద్దుగా, బద్ధకంగా తేలుతున్నాయి.

"వీటికి ఏం పెడుతున్నావవ్వా?"

"మొక్కజొన్న రొట్టె. ఇంటికొచ్చినవాళ్లని పస్తు పెడతానా?"

నాకు ఒళ్లు మండింది. "ఆకలేస్తేనే కదా అవి దోమపిల్లల్ని తినేది! ఇంకోసారి ముక్క వేశావంటే ఊరుకోను!"

అవ్వ పెనం మీది పుపూసా రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. ఎండనపడి తిరిగొచ్చానేమో, ఆకలి దహించేస్తోంది. నోటినిండా కుక్కుకున్నాను.

"ఇప్పుడు చెప్పు పిల్లా," అంది అవ్వ. "వాటికేం పెట్టొద్దన్నావు?"