ఎమ్మెల్యే తల మీద చెయ్యి

గాజువాక దగ్గరి ఆ చర్చిలో, ఆదివారం ప్రసంగానికి ముందు అధికారుల కొరకు ప్రార్థన చేసే పని కృపావతిది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అప్పటి పాస్టరమ్మ అప్పగించింది, తర్వాత వచ్చినవాళ్ళెవరూ మార్చలేదు. ప్రధానమంత్రి దగ్గర మొదలుపెట్టి వార్డు కార్పొరేటరు దాకా పేరుపేరునా ఎత్తి ప్రార్థించేది. ప్రభుత్వాలు మారాయి, మెడలో కండువాల రంగులు మారాయి, ఆవిడ ప్రార్థన మారలేదు. ఇంట్లో మాట్లాడే భాష వేరు, చర్చిలో నిలబడితే వచ్చే పాత బైబిలు తెలుగు వేరు. ఆవిడ ఒక్కో వాక్యం ముగించగానే జనమంతా కళ్ళు మూసుకునే ఆమెన్ అనేవారు. ఆవిడ ఏమంటోందో వాళ్ళలో సగం మంది వినేవారే కాదు.

అలాంటి మనిషి నెత్తిన ఎలాంటి పిడుగు పడిందో చూడండి. రెండువేల మూడు వానాకాలంలో ఆటోనగర్‌లో తాతబాబు షెడ్డు తగలబడింది. తాతబాబు ఎవరనుకున్నారు, ఎమ్మెల్యే నరసింహమూర్తికి స్వయానా బావమరిది. ఆ షెడ్డులో కృపావతి కొడుకు మైఖేల్ వెల్డరు, గవర్రాజు అతని జోడీ. రాగితీగ ఎత్తుకుపోతారని తాతబాబు వెనక షట్టరుకి బయటినుంచి తాళం వేయించేవాడు. ఆ మధ్యాహ్నం కృపావతి కొడుక్కి క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ముందువైపంతా మంటలు. వెనక్కి పరిగెత్తింది. లోపల్నించి మైఖేల్, గవర్రాజు షట్టరు బాదుతున్నారు. తాళం పట్టుకుని లాగితే అరచెయ్యి కాలిపోయింది. రాయి తీసుకుని కొట్టింది. లోపలి చప్పుడు ఆగిపోయాక కూడా పిచ్చిదానిలా కొడుతూనే ఉంది.

పోలీసులు వచ్చేసరికి ఆ తాళం అక్కడ లేదు. మైఖేల్ తాగొచ్చి రంగు డబ్బాల పక్కన బీడీ వెలిగించాడని రాసుకున్నారు. బాప్తిస్మం తీసుకున్నాక కల్లు చుక్క ముట్టని పిల్లాడు! తాళం సంగతి కృపావతి చెబితే, కన్నతల్లివి అలాగే అంటావులే అన్నాడు ఎస్సై. స్టేషనే ఎమ్మెల్యే గుప్పిట్లో ఉంటే ఇంకెవరికి చెప్పుకుంటుంది? దానికన్నా ఘోరం, గవర్రాజు పెళ్ళాం కాంతం ఆ రాతని నమ్మేసింది. ఇద్దరూ చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవారు. ఇప్పుడు కాంతం అవతలి గోడవారకి జరిగిపోయింది. నా మొగుణ్ణి చంపినవాడి తల్లి అని నలుగురిలో అనేసింది కూడా. కొడుకు ఎటూ తిరిగి రాడు. వాడి మీద పడ్డ ఆ మచ్చ పోతే చాలని, ఆ ఒక్క ఆశ మీద బతుకుతోంది కృపావతి.

అయినా ఆదివారం వస్తే నరసింహమూర్తి పేరు ఎత్తడం మానలేదు.

"ఆడి కోసం ఎలగ ప్రార్థన సేత్తన్నారత్తా?" అంది ఒకరోజు కోడలు ఫ్లోరా.

"ఆడి మొకం సూసి కాదే. సెయ్యమని వాక్యంలో ఉంది, సేత్తన్నాను" అంది కృపావతి. అని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

రెండువేల నాలుగులో ఎన్నికలొచ్చాయి. ఓట్ల కాలంలో మన నాయకులకి భక్తి ఎలా పొంగుకొస్తుందో తెలియనిదేముంది! గుడికెళ్తే బొట్టు, దర్గాకెళ్తే టోపీ, చర్చికొస్తే తల వంచి ప్రార్థన. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు నరసింహమూర్తి వస్తున్నాడని పాస్టరు ఆనందకుమార్ ముందురోజు కృపావతి ఇంటికొచ్చి చెప్పాడు. సమాధుల తోటకి కొత్త స్థలం ఇప్పిస్తానన్నాడట. పాత తోటలో గొయ్యి తవ్వితే ఎవరివో ఎముకలు పైకొస్తున్న మాటా నిజమే. ఆయన తల మీద చెయ్యి ఉంచి మీరే ప్రార్థించాలమ్మా, మీకు ఆయన మీద కోపం లేదని సంఘానికి తెలుస్తుంది అన్నాడు పాస్టరు, నేల చూపులు చూస్తూ. ఫ్లోరా విసురుగా లేచి లోపలికి పోయింది. కృపావతి మాత్రం, కాదంటే ఇన్నాళ్ళూ చేసిన ప్రార్థనంతా బూటకమైపోదూ అనుకుని, చివరికి సరేనంది. అంతకుమించి ఆవిడ మనసులో ఏ ఎత్తూ లేదు, నమ్మండి.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. అందరి చేతుల్లో ఈతమట్టలు. నరసింహమూర్తిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ప్రార్థన ఆగినప్పుడల్లా ఆమెన్ అనాలని పాస్టరు చెవిలో చెప్పాడు. కృపావతి వెళ్ళి, కాలిన మచ్చ ఉన్న ఆ చేతినే ఆయన నెత్తిన పెట్టింది.

"పరలోకమందున్న తండ్రీ, నీ దాసుడైన నరసింహమూర్తి గారిని నీ సన్నిధిని నిలువబెట్టుచున్నాము."

ఆమెన్ అన్నారు జనం. ఆయనకు ఆయుష్షు దయచేయమంది, ఆమెన్ అన్నారు. ఆయన ఇంటివారిని కాపాడమంది, దానికీ ఆమెన్ అన్నారు. ఆయన బిడ్డలను అనబోయి ఆగిపోయింది. బిడ్డలు అన్న మాట దగ్గర షట్టరు బాదిన చప్పుడు చెవుల్లో మోగింది. ఇంక ఆ బైబిలు తెలుగు నోటికి రాలేదు.

"తండ్రీ, నా కొడుకు తాగలేదు. షట్టరుకి తాళం ఏసుంది. నాను సూసేను, నువ్వూ సూసేవు. ఈ బాబుకీ తెలుసు. గవర్రాజుని సంపింది నా మైఖేల్ కాదని ఈ బాబు నోటితోనే సెప్పించు. అందాకా ఈయన కంటిమీదకి నిద్ర రానీకు."

అలవాటు కొద్దీ మొదలైన ఆమెన్లు సగంలో తెగిపోయాయి. పాస్టరు కళ్ళు తెరిచి బిగుసుకుపోయాడు. తర్వాతి మీటింగు గురించి ఆలోచిస్తున్నాడో ఏమో, నరసింహమూర్తికి ప్రార్థన ఆగిందని మాత్రం తెలిసింది.

"ఆమెన్" అన్నాడు గట్టిగా.

చర్చంతటిలో ఆయన గొంతు ఒక్కటే వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే అందరూ ఆయన్నే చూస్తున్నారు. గోడవార నుంచి కాంతం లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆమెన్ అన్నారు కదా బాబూ, సెప్పండి. తాళం ఏసుందా?"

నరసింహమూర్తి పాస్టరు వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు, లేచి బయటికి నడిచాడు. ఆయన వెనకే కండువాలన్నీ వెళ్ళిపోయాయి.

కేసు మళ్ళీ తెరవలేదు. తోటకి స్థలమూ రాలేదు, ఆ నింద సంఘపెద్దలు కృపావతి మీదే వేసి, ప్రార్థన పని ఆవిడ చేతిలోంచి తీసేశారు. ఈస్టరు నాడు వేరే ఆవిడ నిలబడి, ప్రధానమంత్రి నుంచి వరసగా వచ్చి నరసింహమూర్తి పేరెత్తింది. జనమంతా ఆమెన్ అన్నారు. కృపావతి కూడా అంది. ఆవిడ పక్కనే, అదే చాప మీద కూర్చున్న కాంతం మాత్రం అనలేదు.