సైదయ్య మెదడు మీద ఆరిన వడ్లు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, బర్రెకు ఇంత గడ్డి వేశాక అనసూయ చేసే మూడో పని మొగుడి మెదడు పట్టుకొని చూడడం. పిల్లలకు జ్వరం వచ్చిందేమోనని చెయ్యి వెనక్కి తిప్పి నుదుటి మీద పెడతారు చూడండి, అట్లా. ఆ మెదడు కిటికీ ఊచలకు సుతిలి తాడుతో కట్టి ఉండేది. సూర్యాపేట స్కానింగు సెంటర్లో ఇచ్చిన నల్ల ఫిలిం అది. దాని మీద గోబిపువ్వులాంటి తెల్లటి బొమ్మ, నడిమధ్యన బొట్టుబిళ్లంత ఎర్ర మచ్చ. సైదయ్యకు తాగాలనిపిస్తే ఆ మచ్చ వేడెక్కేది.

"ఎట్లున్నది?" అని మంచంలోంచే అడిగేవాడు సైదయ్య.

"గోరువెచ్చగున్నది."

"అయితే ఇంకో గడియ పండుకుంట. నా మెదడు ఏనాడు నాకంటె ముందు లేవలే."

అనంతగిరి పక్కన చిన్న ఊళ్లో సైదయ్యది ట్రాక్టరు డ్రైవరు పని. కౌలుకు రెండెకరాలు. తాగుడు మానెయ్యడంలో అతనికున్నంత అనుభవం ఆ మండలంలో ఎవరికీ లేదు. నాలుగుసార్లు మానేసినవాడు మరి! నాలుగోసారి మళ్లీ మొదలుపెట్టి ట్రాక్టరును తీసుకుపోయి అంగన్వాడీ గోడకు ఆనించాడు. అదృష్టం బాగుండి అది ఆదివారం. ఆ సాయంత్రం అనసూయ అరవలేదు, ఏడవలేదు.

"ఇగ ఇది ఐదోసారి మానుడు. మల్ల ముట్టినవంటే మఠంపల్లి బస్సెక్కి మా అమ్మగారింటికి పోత. ఎనుకకు సూడ," అన్నది అన్నం వడ్డిస్తూనే. అనసూయ అరిస్తే సైదయ్యకు భయం లేదు. మెల్లగా మాట్లాడితేనే గుండె జారిపోయేది.

సూర్యాపేట దవాఖానలో తాగుడు మాన్పించే డాక్టరు చరిత. మానినవాళ్ల మెదడు ఫొటో తీసి, ఎవరు నిలుస్తారో, ఎవరు మళ్లీ సీసా పడతారో ముందే చెప్పొచ్చా అని ఆమె పరిశోధన చేస్తున్నది. సైదయ్యను గుండ్రటి మిషనులోకి తోసి, కళ్ల ముందు బొమ్మలు వేసింది. మామిడిపండు, మంచినీళ్ల గ్లాసు, క్వార్టరు సీసా, బర్రె, చెమటలు పట్టిన బీరుసీసా. ఏ బొమ్మకు మెదడులో ఏ మూల నెత్తురు ఉరికిందో కంప్యూటరు లెక్క కట్టి, ఇంతకుముందు మానేసి మళ్లీ తాగినవాళ్లతో పోల్చి చూసింది.

"ఇది జాతకం కాదు సైదయ్య గారూ, అంచనా మాత్రమే," అన్నది డాక్టరు. "మూడు నెలల్లో మీరు మళ్లీ తాగే అవకాశం నూటికి ఎనభై మూడు."

"ఎనభై మూడా! బడిల నాకు ముప్పయి అయిదు దాటలే మేడం. ఏదైతేంది, మెదడున్నదని కాయిదమిచ్చిన్రు, గంతే సాలు."

నవ్వించాడు గానీ, బస్సులో కోదాడ వచ్చేదాకా వేళ్ల మీద లెక్కలు వేస్తూనే ఉన్నాడు. పద్దెనిమిదేండ్ల తాగుడులో తనను తాను ఎరిగినవాడు. తాగకుండా నిలిచేందుకు ఆ మిగతా పదిహేడు మార్కులు ఎక్కడినుంచి కలిశాయా అని అతనికి అనుమానం.

ఫిలిం కవరులో పెట్టి ఇస్తూ డాక్టరమ్మ, మాత్రల సంగతి చెప్పినట్టే జాగ్రత్తలు చెప్పింది. "సాయంత్రాలు కొంచెం వేడెక్కుతుంది. ప్లాస్టిక్ డబ్బాల మీద పెట్టకండి. ఆయన తాగితే మాత్రం చల్లబడిపోతుంది. తొంభై రోజులకు మళ్లీ తీసుకురండి."

అనసూయ దాన్ని ఊరికే ఉంచలేదు. సగ్గుబియ్యం వడియాలు ఆరబెట్టింది. పక్కింటి రాజమ్మ కోడి పొదగను పొమ్మంటే, ఆ గుడ్లను దాని కింద పెట్టి పదకొండు పిల్లలను లేపింది. సైదయ్య ట్రాక్టరు ఊళ్లో మందు అమ్మే బెల్టుషాపు ముందుకు వచ్చిందంటే ఇంట్లో ఫిలిం సెగలు కక్కేది. వెంటనే ఫోను.

"ఏడున్నవ్?"

"పొలం కాడ."

"పొలం కాడైతే మెదడు ఎందుకు సుర్రుమంటున్నది? బండి తిప్పు."

అట్లా రెండు నెలలు గడిచాయి. యాసంగి కోతలై, ఊరి వడ్లన్నీ కొనుగోలు సెంటరుకు చేరాయో లేదో, మూడు రోజులు చెడగొట్టు వాన. టార్పాలిన్ పట్టాలు కప్పినా కుప్పల అడుగునుంచి నీళ్లు పోయాయి. సెంటరు నడిపేది తండా నుంచి వచ్చే సరళ. ఆమె తేమ మిషనులో గుప్పెడు గింజలు వేస్తే ఇరవై నాలుగు చూపించింది.

"పదిహేడు దాటితే మిర్యాలగూడ మిల్లోళ్లు లారీని ఎనుకకు తిప్పుతరు. నన్ను తిడితే వడ్లు ఎండుతయా? గాడ మొలకలు గూడ వస్తున్నయి సూడుర్రి," అన్నది సరళ, ఏడుపు ఆపుకుంటూ.

అనసూయ ఇంటికి పోయి, ఫిలిం తెచ్చి ఒక కుప్ప మీద బోర్లించిన గంప మీద పెట్టింది. గోరువెచ్చగా ఉంది, అంతే.

"అన్నా, మందును జర గట్టిగ యాది చేస్కో," అన్నది సరళ, కుప్ప పక్కనే నిలబడ్డ సైదయ్యతో.

సైదయ్య కళ్లు మూసుకొని చల్లటి బీరును తలుచుకున్నాడు. కుప్ప మీద సన్నగా ఆవిరి లేచింది. ఊరంతా చప్పట్లు. వెంటనే సోమన్న ఉరికి పోయి ఫుల్ బాటిల్ తెచ్చి స్టూలు మీద పెట్టాడు. "ఒక్కటేస్తే ఏమైతది బావా" అని నాలుగుసార్లూ సైదయ్యతో మళ్లీ తాగించింది ఈ సోమన్నే.

సైదయ్య చెయ్యి తనంతట తానే మూత మీదకు పోయింది. సోమన్న ఫట్టున కొట్టాడు.

"బావా! సిగ్గున్నదా? నా వడ్లు ఇంకా ఇరవై ఒకటి మీదున్నయి! తాగితివంటే మెదడు సల్లబడ్తది."

ఆ రోజునుంచి అది ఉద్యోగమైపోయింది. పొద్దున ఎనిమిదింటికి కుర్చీ, గొడుగు, ఎదురుగా సీసా, గ్లాసు, పల్లీలు. మధ్యాహ్నం అన్నానికి గంటసేపు సీసా మీద తువ్వాల కప్పేవాళ్లు, కోరిక దండుగ పోకుండా. సెగ తగ్గితే సోమన్న గ్లాసులో సోడా పోసి చెవి దగ్గర బుసబుసమనిపించేవాడు. బెల్టుషాపతని కుప్ప కూడా ఉన్నందున అతను ఏకంగా దుకాణమే మూసి కూచున్నాడు. ఊళ్లో సైదయ్యకు చుక్క పోసే మనిషి లేకుండా పోయాడు. నలభై ఒక్క కుప్పలు, పదకొండు రోజులు. లారీల మీద లారీలు మిర్యాలగూడ దారి పట్టాయి.

పన్నెండో రోజు మిగిలింది సైదయ్య కుప్ప ఒక్కటే. చివరి లారీ కదిలిందంటే దావత్ చేసుకోవడం ఆ ఊళ్లో రివాజు. సోమన్న తన వడ్లు కాంటా ఎక్కి తూకమైపోయిన ఆనందంలో, రెండు గ్లాసులు పట్టుకొని వచ్చాడు.

"అందరియి అయినయి బావా. నీ వడ్లు నీ ఇష్టం, నిన్నెవ్వడంటడు? ఇగ పట్టు!"

సీసా మూత తీశాడు. పోశాడు. గ్లాసు సైదయ్య చేతికొచ్చింది. ఇప్పుడు కొట్టే చెయ్యి లేదు. కుప్ప మీద ఫిలిం ఎంత కాగిందంటే గింజలు చిటపటమన్నాయి. అవతల పట్టా మడత పెడుతున్న అనసూయ చేతులు ఆగిపోయాయి. ఆమె రోడ్డు వైపు, బస్సు వచ్చే వైపు ఒకసారి చూసింది.

సైదయ్య గ్లాసును పెదవుల దాకా తెచ్చి, కుప్ప వంక తిరిగాడు.

"సరళా, ఎంతున్నది?"

"పద్దెనిమిదిన్నర అన్నా."

"ఇంకా డ్యూటీల ఉన్న బావా," అని గ్లాసు స్టూలు మీద పెట్టాడు. "డ్యూటీల తాగితే బాగుండదు."

మూడు గంటలు కూచున్నాడు. చూపు గ్లాసు మీద, చేతులు తొడల కింద. పదిహేడు అయింది. పదహారున్నర అయింది. సరళ "కాంటా!" అని అరిచింది. సైదయ్య లేచి, తువ్వాల దులుపుకొని, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కొని ఇంటికి నడిచాడు. గ్లాసు సంగతి అతనికి యాదికే రాలేదు. పని అయ్యాక పారను చేతిలో పట్టుకొని తిరిగేదెవడు?

"ఏమయ్యా, మర్చిపోయినవా?" అని అడిగింది అనసూయ, వెనకాలే వస్తూ.

"ఏంది?"

"ఏం లేదులే. నడువు."

తొంభయ్యో రోజు సూర్యాపేటలో ఎండ దంచుతున్నది. డాక్టరు చరిత మళ్లీ మిషనులోకి తోసి బొమ్మలు వేసింది. మామిడిపండు వచ్చింది, బర్రె వచ్చింది, క్వార్టరు సీసా వచ్చింది. తెర మీద ఎక్కడా ఎరుపు లేదు. ఆమె మైకులో పిలిచింది.

"సైదయ్య గారూ, నిద్రపోతున్నారా?"

"లేదు మేడం," లోపలి నుంచి ఆవులింత. "సీసా కనవడితే డ్యూటీ యాదికొస్తున్నది. ఇయ్యాల సెలవు పెట్టొచ్చిన. ఏమనుకోకుర్రి."

ఆ తర్వాత గురక వినిపించింది.

బయట బల్ల మీద అనసూయకు చెమటలు కారిపోతున్నాయి. పైన ఫ్యాను తిరిగీ తిరగనట్టుంది. సంచీలోంచి పాత ఫిలిం తీసి, అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూసింది. ఒక్క క్షణం అట్లాగే ఉంచింది. ఆయన చుక్క ముట్టలేదని ఆమెకు తెలుసు. తర్వాత దాన్ని చేతిలో పట్టుకొని మెల్లగా విసురుకోసాగింది.

"సల్లటి గాలొస్తున్నది. జర ఇటు గూడ ఇసురు బిడ్డా," అన్నది పక్కన కూచున్న ముసలామె.