గొర్రెపిల్ల ఎక్కడ పడుకోవాలి

1992 దసరా సెలవులు అయిపోయేనాటికి వహీద్ బాగా అలిసిపోయాడు. అచ్చంపేటలో రేడియోలు బాగుచేసే దుకాణం అతనిది. పొద్దంతా అక్కడ కూర్చుని, సాయంత్రం అక్క షంషున్నీసా పాఠాలు చెప్పే బడికి వెళ్లి, రెండు నెలలుగా ఒక పాత సామాన్ల గదిలో తీగలు పరుస్తున్నాడు.

ఆలోచన అక్కది. ఒకటో తరగతి పిల్లలు పలక పట్టుకుని గంటసేపు కూడా కూర్చోవడం లేదు.

"ముట్టుకుంటే పలికే ఊరొకటి చేసియ్యి వహీద్. వాండ్లే వస్తరు," అంది.

నేలమీద మట్టితో చిన్న ఊరు కట్టారు. ఇల్లు, కోళ్ల గూడు, గొర్రెల దొడ్డి, పశువుల కొట్టం. చెక్కతో ఆవు, కోడి, గొర్రెపిల్ల చేయించి కాళ్ల కింద రాగిరేకు అంటించాడు. బొమ్మను సరైన చోట పెడితే రేకు రెండు తీగల్ని కలుపుతుంది. టార్చిలైటు బల్బు వెలిగి, గోడవారనున్న టేప్‌రికార్డరు ఆ జంతువులా అరుస్తుంది. మూడు బొమ్మలకు మూడు టేప్‌రికార్డర్లు, మూడూ పాతవే. ఒకటి నడిస్తే ఇంకోటి మొండికేసేది. గొర్రె అరుపులు రికార్డు చేయడానికి వహీద్ కాపరి గుర్వయ్య మంద వెంట ఒక పూటంతా తిరిగాడు.

మొదటిరోజు పిల్లలు ఎగబడ్డారు. గుర్వయ్య మనవరాలు మారెమ్మ మాత్రం తలుపు దగ్గరే నిలబడింది. బడిలో చేరి నాలుగు నెలలైనా ఆ పిల్ల నోరు తెరవలేదు. అందరూ అన్నానికి వెళ్లాక లోపలికి వచ్చి, గొర్రెపిల్లను ఇంట్లో పెట్టింది. బల్బు వెలగలేదు. తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"గాడ కాదు బిడ్డా, దొడ్లె పెట్టాలె," అన్నాడు వహీద్, గోడకు ఆనుకున్నచోటినుంచే.

మారెమ్మ కదలలేదు. "ఇది నిన్ననే పుట్టింది. దొడ్లె పెద్దయి తొక్కుతయి. మా తాత ఇంట్లనే పండవెడ్తడు," అంది.

పక్కనే ఉన్న షంషున్నీసా తమ్ముడి వైపు చూసింది. ఆ పిల్ల గొంతు ఆమె వినడం అదే మొదలు. వహీద్‌కు మాత్రం, ఇంటి కిందికి తీగ లాగాలంటే ఆరిన మట్టి మళ్లీ తవ్వాలన్నదే ముందు తోచింది.

"రేపు చేస్త ఆపా. ఇయ్యాల చాతనైతలేదు," అన్నాడు అక్కతో.

"నీ ఇష్టం," అంది ఆమె. ఆమెకూ బతిమాలే ఓపిక లేదు.

మారెమ్మ గొర్రెపిల్ల పక్కనే గొంతుక్కూర్చుంది. లేచే ఉద్దేశం కనబడలేదు. వహీద్ నిట్టూర్చి, మోకాళ్లమీద వంగి, స్క్రూడ్రైవరుతో ఇంటి నేల గీకడం మొదలుపెట్టాడు.

"ఇంకేం తప్పులున్నయో గిప్పుడే చెప్పు తల్లీ. మళ్ల మళ్ల తవ్వలేను."

మారెమ్మ చెప్పింది. కోడిని గంప కింద కమ్మాలట. ఆవుకు కుడితి తొట్టి ఏదట. కుక్క లేని దొడ్డి ఎక్కడన్నా ఉంటదా అట. ఎంతకీ ఆపలేదు.

ఆ గది మూడేళ్లు నడిచింది. వారానికోసారి ఏదో ఒకటి చెడేది, వహీద్ గొణుక్కుంటూ వచ్చి బాగుచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల మరో తప్పు చూపించేది, మరో తీగ చేరేది. చివరికి ఏ తీగ ఎక్కడికి పోతుందో అతనికే తెలియకుండా పోయింది.