మెత్తటి పక్క

ముందే ఒప్పేసుకుంటున్నా — నేను కణాల్ని "అమ్మలూ" అని పిలుస్తాను.

ఎంటెక్ చదివినదాన్ని. అయినా సరే.

న్యూ టౌన్‌లో మా ల్యాబ్. చిన్న ప్లాస్టిక్ గిన్నెలో గులాబీ షర్బత్ రంగు నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున... అమ్మలు.

వాటిని పెట్టే పెట్టె లోపల ముప్పై ఏడు డిగ్రీలు. అచ్చం మే నెల కోల్‌కతా. ఫ్యాను లేదు, పాపం.

అమ్మలంటే ఎవరో కాదు. మా చెల్లి షెకైనా.

దాని తొడలోంచి చిటికెడు కండ తీశారు. మస్క్యులర్ డిస్ట్రఫీ — కండ తనని తాను బాగుచేసుకోలేక కరిగిపోయే జబ్బు. ఇంటర్‌లో ఉండగా నడక పోయింది. నోరు మాత్రం పోలేదు.

ఆ చిటికెడులో స్టెమ్ సెల్స్ — కొత్త కండని పుట్టించే కణాలు — ఉంటాయి. వాటి జన్యువులో తప్పు దిద్ది, పెంచి, ఎప్పటికైనా తిరిగి కండలో పెట్టాలని మా పని.

గిన్నెలో పెంచితే మొద్దుబారేవి. తాము కండలమన్న సంగతే మర్చిపోయేవి.

చావడం... మళ్ళీ పెంచడం... మళ్ళీ చావడం.

అంత గట్టి ప్లాస్టిక్ మీద ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

కండంత మెత్తగా జెల్లు పరిచాను. కొత్త ఆలోచనేం కాదు, వేరేచోట్ల చేశారు. మా అమ్మలకి సరిపడే మెత్తదనం దొరకడానికే ఏడాది పట్టింది.

ఆ మంగళవారం, మైక్రోస్కోపులో — ఒక కండ పోగు.

లాగింది.

వదిలింది.

లాగింది!

మా సార్ పరిగెత్తుకొచ్చి, చూసి, బెంగాలీలో ఏదో గొణిగి కుర్చీలో కూలబడ్డారు.

వీడియో వాట్‌గంజ్‌లోని మా ఇంటికి పట్టుకెళ్ళాను. అమ్మ చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది.

మా తెలుగు చర్చిలో ఆదివారం సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నిలబడి చెప్పాలి.

అమ్మ లేచింది. "నా చిన్నపిల్ల కండ కదిలిందండీ! ఈ కళ్ళతో సూసాను!"

తలలన్నీ చక్రాల కుర్చీ వైపు తిరిగాయి.

"ఏటే పాపా, లెగు మరి!" అంది జగ్గమ్మత్త.

లెగు... లెగు... ఎంత ప్రేమో ఆ గొంతుల్లో. ఎంత బరువో.

నేను లేచాను. "అత్తా, కదిలింది గిన్నెలో. ఇంకా ఎలకలో కూడా పెట్టలేదు. మనిషి దాకా రావాలంటే ఏళ్ళు. దీని దాకా వస్తుందో లేదో... తెలీదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు షెకైనా. "తొందరేటమ్మా? నేనెక్కడికి పారిపోతాను?"

ఎవరో ఫక్కున నవ్వారు.

"నిలబడలేను గానీ సాక్ష్యం ఉంది" అంది. "కదిలింది నా కండ. కదిపింది మా అక్క. వేరే ఎవరికైనా పనికొస్తే చాలని అనను — నాకూ కావాలి. ఇవాళ్టికి మాత్రం, కదిలింది. హల్లెలూయా అనండి!"

అన్నారు. పైన రేకులు అదిరాయి. నా కాన్వొకేషన్‌లో కూడా ఇంత మోత లేదు.

అది గడ్డం పైకెత్తి చుట్టూ చూసింది, మహారాణిలా. "ఇంకెవరికైనా సాక్ష్యం ఉందా?"

నేనూ అదే అడుగుతున్నా. మీ ఇంట్లో ఏం కదిలింది? ఏ కాస్తైనా సరే... చెప్పండి.

లేవక్కర్లేదు. కూర్చునే చెప్పండి.