దొంగ యాపిల్ పండ్లు

ప్యో సుల్గి పియానో వాయిస్తే బెర్లిన్‌లో జనం లేచి నిలబడ్డారు, టోక్యోలో టికెట్లు దొరకక తలుపుల దగ్గర నిలబడ్డారు. అంతటి మనిషికి నలభై దాటినా ఒక్కటే కొరత. వాళ్ళమ్మ నోటి నుంచి "బాగుంది" అన్న మాట వినలేదు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడ దగ్గర విన్నది ఒకే మాట. "మళ్ళీ!"

సొంతూరు మాసాన్‌లో ఎండుచేపల కొట్టు మీది అంతస్తులో ఆవిడ పియానో బడి నడిపేది. మనిషీ పియానో తప్ప మూడోది పట్టని ఇరుకు గదులు, కింది నుంచి చేపల వాసన. పాఠం చెప్పాక కాగితం మీద పది యాపిల్ పండ్లు గీసి ఇచ్చేది. ఒకసారి వాయిస్తే ఒక పండుకు ఎర్రరంగు నింపాలి. మా దేశంలో పియానో బడికి వెళ్ళినవాళ్ళం అందరం ఆ పండ్ల దగ్గర దొంగలమే. రెండుసార్లు వాయించి ఐదు దిద్దేసేవాళ్ళం. పంతులమ్మ కూతురు కదా అని సుల్గి నీతిమంతురాలేమీ కాదు. కాకపోతే మిగతా పిల్లలు సాయంత్రానికి ఇంటికి పోయేవారు. ఆ పిల్ల ఇల్లూ బడీ ఒకటే.

జర్మనీ పోటీలో మూడో బహుమతి వచ్చిందని ఫోన్ చేస్తే తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "మొదటిది ఎవరికొచ్చింది?" సుల్గి చెప్పింది. "సరే. మళ్ళీ వెళ్ళు," అని పెట్టేసింది. మళ్ళీ వెళ్ళి మొదటిది తెచ్చుకుంది. అప్పుడు ఆవిడ, "అన్నం తిన్నావా?" అంది. కడుపున పుట్టిన పిల్లను ఒక మాట మెచ్చుకుంటే ఈవిడ సొమ్మేం పోయిందో నాకైతే ఈనాటికీ అర్థం కాదు.

ఇప్పుడావిడకు మతిమరుపు జబ్బు. వసంతంలో పిన్ని ఫోన్ చేసింది. పిన్ని బజారులో కూరలు, పచ్చళ్ళు అమ్ముతుంది, నోరు పెద్దది.

"ఒసేయ్ సుల్గీ, రావాలంటే ఇప్పుడే రా. నిన్న మీ అమ్మ నా కొట్టుకొచ్చి, 'కిమ్చీ పచ్చడి ఎంతమ్మా?' అంది. సొంత చెల్లెల్నే! పైగా బేరమాడింది."

"నా పేరేమైనా ఎత్తుతోందా పిన్నీ?"

"నీ పేరుదేముందే, తన పేరే మర్చిపోయింది," అంది పిన్ని.

సుల్గి ఆ ఏటి విదేశీ కచేరీలన్నీ మానుకుని, మాసాన్‌లో ఒక్క కచేరీ పెట్టించుకుంది. ఎందుకని అందరూ అడిగారు, ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ళప్పుడు ఒక వేసవంతా తల్లి తనచేత ఒకే ముక్క వాయింపించింది. రెండు పేజీల నిదానపు పాట. ఎన్నిసార్లు వాయించినా "మళ్ళీ" తప్ప రాలేదు. ఈసారి ఆ ముక్కతోనే కచేరీ ముగించాలి. ఆవిడకు ఆ కాస్త తెలివి ఉండగానే ఆ ఒక్క మాట అనిపించుకోవాలి. రోగం ముదిరాక ఎవరిని అడగాలి?

ఆ సాయంత్రం పిన్ని అక్కకు మంచి బట్టలు కట్టి ముందు వరసలో కూర్చోబెట్టింది. పెద్ద పెద్ద రచనలు అయిపోయాయి, చప్పట్లు మోగాయి. సుల్గి వచ్చి చిన్న ముక్క మొదలుపెట్టింది. రెండో పేజీలో ఎడమచేతి శబ్దం బాగా తగ్గాలి, అక్కడే తల్లి ఎప్పుడూ ఆపేది. తగ్గింది. తన జన్మలో ఇంత బాగా వాయించలేదని తనకే తెలిసింది. ఆఖరి స్వరం ఆరిపోయేదాకా చేతులు తియ్యలేదు.

ఎక్కడ "మళ్ళీ!" అని అరుస్తుందోనని పిన్ని అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆవిడేమీ అరవలేదు. చుట్టూ చూసి, అందరూ కొడుతున్నారు కాబట్టి తనూ మర్యాదగా చప్పట్లు కొట్టింది. "మళ్ళీ" అన్నా బాగుండేది అనిపించింది సుల్గికి. తిట్టినా బాగుండేది.

వేదిక వెనక గదికి పిన్ని ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సుల్గి ఎదురు వెళ్ళేలోపే తల్లి నడుము వంచి నమస్కరించింది.

"ఎంత బాగా వాయించారండీ! చివర్లో వాయించిన ఆ చిన్నది మరీనూ. ప్రాణం లేచొచ్చింది."

మాట రానే వచ్చింది. కానీ "అండీ" అని వచ్చింది. పుట్టాక తల్లి తనను "మీరు" అనడం ఇదే మొదలు.

"అమ్మా, నేనే. సుల్గినే," అంటూ చేతులు పట్టుకుంది.

ఆవిడ ఇబ్బందిగా నవ్వి, మెల్లిగా చేతులు వెనక్కి తీసుకుంది. "అయ్యో, పొరబడ్డారండీ. మా పిల్ల ఇంకా చిన్నది, ఇంటి దగ్గరుంది. అదీ ఈ పాటే నేర్చుకుంటోంది."

"అక్కా, అదేనే నీ పిల్ల! కళ్ళు పెట్టి చూడవే!" పిన్ని గొంతు పెంచింది. ఆవిడ భయపడి గోడ దగ్గరికి జరిగింది. సుల్గి పిన్నిని వద్దన్నట్టు ఆపింది. ఇంక చెయ్యగలిగింది ఏముంది?

"మీ అమ్మాయి బాగా వాయిస్తుందాండీ?" అని అడిగింది.

ఆవిడ ముఖం వికసించింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వాయించడమా? నేను ఇన్నేళ్ళు నేర్చినా రానిది దాని వేళ్ళలో పుట్టుకతోనే ఉందండీ. కానీ దొంగముండ. పండ్లు గీసిస్తే వాయించకుండానే రంగేసేస్తుంది."

"మీకు తెలుసా?"

"గోడ అవతలే కదండీ ఉంటాను, వినపడదూ? చూసీ చూడనట్టు ఊరుకుంటాను. చిన్న చేతులు, నొప్పులు పుడతాయి పాపం."

పిన్ని అటు తిరిగి ముక్కు చీదుకుంది.

తల్లి వెళ్ళబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఎప్పుడైనా మా అమ్మాయి మీ దగ్గరికొస్తే, నేను మెచ్చుకున్నానని మాత్రం చెప్పకండేం. సాధన మానేస్తుంది."

"చెప్పనండీ," అంది సుల్గి.