ఫ్యాను కింది కుర్చీ

వనిత కూతుర్ని చంకనేసుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఫ్యాను కింది కుర్చీలో మనస్విని కూర్చుని కాళ్ళూపుతోంది. ఆ హాల్లో ఫ్యాన్లు మూడున్నా తిరిగేది అదొక్కటే.

మే నెల ఎండ. నాంపల్లి స్టేషను వెనకనున్న తమ గది నుంచి గన్‌ఫౌండ్రీలో, బ్యాంకు పక్క సందులోని ఈ ట్రస్టు వాళ్ళ పళ్ళ క్లినిక్ దాకా నడిచేసరికి అక్షిత మొహం ఎర్రగా కందిపోయింది. ఏడేళ్ళ పిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లికి చెమటలు కారుతున్నాయి. పిల్ల ఒంటి మీద మాత్రం తడి లేదు. ఆ పిల్ల జబ్బే అది. పుట్టుకతోనే చెమట పట్టదు. జుట్టు పలచన. నోట్లో పైన మొనదేలిన రెండు పళ్ళు తప్ప మిగిలిన చిగుళ్ళన్నీ బోసి. ఇది నూటికో కోటికో ఒకరికి వస్తుందని డాక్టరు చెప్పాడు. అంత అరుదైన జబ్బు మనస్వినికి కూడా ఉండటం, ఇద్దరికీ కలిపి ఒకే ఫ్యాను ఉండటం వనిత ఖర్మ.

"జర జరుగు బిడ్డా, మా పొల్ల కాలిపోతుంది," అంది వనిత.

"ఇద్దరు పడతరు తియ్ వనితా. మనూ, జరుగమ్మా," అంది మనస్విని తల్లి పద్మ నవ్వుతూ.

మనస్విని జరిగింది. సగం కుర్చీలో అక్షిత కూర్చుంది. వనిత తువ్వాలు తడిపి పిల్ల మెడ మీద వేసింది. సగం కుర్చీ ఇచ్చినందుకు తను కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది గాని, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

వనితకు పద్మను చూస్తే కుళ్ళు. ఆ మాటకు మెత్తటి పేరు వెతికి లాభం లేదు. పద్మ భర్త వెంకటేశానికి సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణం ఉంది. ఇంట్లో కూలర్ ఉంది. పిల్లను దవాఖానకు తెచ్చిన రోజున పద్మ జీతం ఎవరూ కొయ్యరు. వనిత అబిడ్స్‌లో చీరల దుకాణంలో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పని చేస్తుంది. మధ్యాహ్నం దాటితే సగం రోజు జీతం పోతుంది. అంతేనా, పద్మది మేనరికం కాదు. వనిత భర్త ఎల్లేష్ ఆమెకు మేనమామ కొడుకే. దగ్గరి సంబంధాల్లో ఇలాంటి పిల్లలు పుట్టొచ్చని డాక్టరు అన్న రోజు నుంచి అత్త వీరమ్మ, ఆ పెళ్ళి తను పట్టుబట్టి చేసిందే కాదన్నట్టు, వనితే ఎక్కడి నుంచో వచ్చి ఇంట్లో దూరినట్టు మాట్లాడుతోంది. పద్మను ఎవరూ అలా అనరు. ఆమెకు జాలి దొరుకుతుంది.

అన్నిటికీ మించి, మనస్విని నోట్లో పళ్ళున్నాయి. కిందా పైనా, తీసి పెట్టుకునే సెట్టు. ట్రస్టు వాళ్ళు ఏడాదికొక్క పిల్లకు చేయిస్తారు. పోయినేడు ఆ పిల్లకు చేయించారు. మొదట్లో జంగమ్మ అనే ఆమె కూడా ఇదే జబ్బున్న కొడుకును తీసుకుని వచ్చేది గాని, ఎందుకో రావడం మానేసింది.

పద్మ డబ్బా మూత తీసింది. ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు. మనస్విని నెమ్మదిగా నములుతుంటే కరకరమని చప్పుడు. అక్షిత ఆ నోటి వంకే చూస్తోంది. ఇంట్లో ఆ పిల్లకు అన్నం పప్పుతో మెత్తగా పిసికి పెట్టాలి. మనస్విని ఒక ముక్క ఇచ్చింది. అక్షిత దాని మీది కారం చప్పరించి, ముక్కను గుప్పిట్లో దాచుకుంది. పారెయ్యడానికి మనసొప్పలేదు పిల్లకు. వనిత గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తల్లి అన్నాక వేరే పిల్ల తింటుంటే సంతోషించాలేమో. ఆమెకు ఆ డబ్బా లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది.

"ఏడాదికే బిగుతైనయి వనితా," అంది పద్మ. "పిల్ల పెరిగితే దవడ పెరుగుతది. సెట్టు పెరగదాయె. మల్ల కొత్తది చెయ్యాల్నంట. విజయ మేడంను అడిగిన. చూద్దమన్నది."

ఒక్కసారైనా పళ్ళు దొరకని పిల్ల ఇక్కడ ఉంటే, ఆ పిల్లకు రెండోసారా అనుకుంది వనిత.

లోపల ట్రస్టు నడిపే విజయ మేడం ఎదురుగా కూర్చున్నప్పుడు వనిత నోరు ఊరుకోలేదు.

"మేడం, మీరు గరీబోళ్ళకు చేస్తమంటరు. సుల్తాన్ బజార్ల దుకాణం ఉన్నోళ్ళు గరీబోళ్ళయితే, మమ్మల్ని ఏమంటరు మేడం?"

విజయ మేడం కళ్ళజోడు తీసి చూసింది. "ఎవరికమ్మా దుకాణం?"

వనిత చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ దుకాణం వెంకటేశం ఒక్కడిది కాదనీ, అన్నదమ్ములందరూ దాని మీదే బతుకుతున్నారనీ ఆమెకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఫోనొచ్చింది. ఈ ఏడు అక్షితకు.

ఆ తర్వాత పిల్ల పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. మొనదేలిన రెండు పళ్ళకు తొడుగులు వేశారు. దవడ అచ్చు తీయడానికి నోటినిండా ముద్ద కూరితే అక్షిత వాంతి చేసుకుంది. అచ్చు సరిగ్గా రాలేదని మళ్ళీ తీశారు. మైనం మీద పళ్ళు గుచ్చి పెట్టి చూశారు, తీశారు, అరగదీశారు. చిగురు ఒరుసుకున్న చోటల్లా మళ్ళీ అరగదీశారు. ప్రతిసారీ వనితకు సగం జీతం పోయింది. కానీ పళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం వనిత జామకాయ కోసి, పిల్లను గడపలో నిలబెట్టి తినిపించింది. లోపల చోటు లేక కాదు, వాడకట్టంతా చూడాలని. వీరమ్మ కూడా చూసింది.

క్లినిక్‌లో ఎదురైన పద్మ, "మంచిగైంది వనితా, పిల్ల మంచిగున్నది," అంది. ఆ మాటలో కుళ్ళు కోసం వెతికింది వనిత. దొరకలేదు. అది కూడా ఆమెకు నచ్చలేదు.

జూన్ సగమైనా వాన లేదు. నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని ట్రస్టు వాళ్ళు దాతల సభ పెట్టారు. పోయినేటి పిల్లనూ ఈ ఏటి పిల్లనూ తీసుకురమ్మన్నారు. స్టేజీ పక్కన పెద్ద కూలర్ ఉంది గాని అది దాతల సోఫాల వైపు తిప్పి ఉంది. దాని వెనక, గాలి రాని చోట, పద్మ మనస్వినిని ఒళ్ళో పడుకోబెట్టుకుని విసురుతోంది.

"ఏమైందక్కా?"

పద్మ పిల్ల పెదవి పైకెత్తి చూపించింది. బిగుసుకుపోయిన సెట్టు అంచున చిగురు తెల్లగా పుండు పడి ఉంది.

"ఇంట్ల పెట్టుకోదు. గీ పొద్దు పెట్టుకోని రావాలన్నరు మేడం. పొద్దటి సంది గింత అన్నం గూడ తింటలేదు."

"మరి కొత్త సెట్టు?"

"మాకు దుకాణం ఉన్నదంట. మాకు అవసరం లేదంట." పద్మ విసనకర్ర ఆపలేదు, తలెత్తలేదు.

వనిత ఆ పుండునే చూస్తూ నిలబడింది. వచ్చే జూన్‌కు అక్షిత దవడ కూడా పెరుగుతుంది. చీరలు మడతపెట్టిన జీతంతో పళ్ళు కొనడం తన వల్ల కాదు. అప్పుడు ఫ్యాను కింది కుర్చీ దగ్గర ఇంకో తల్లి నిలబడి ఉంటుంది. ఆమె కూడా మేడంతో ఏదో ఒకటి చెబుతుంది.

విజయ మేడం పట్టుచీరలో హడావిడిగా వచ్చింది. "అమ్మా, స్టేజీ మీద పాప ముందు పళ్ళు తీసి నోరు చూపించాలి. తర్వాత పెట్టుకుని నవ్వాలి. పోయినేడు మనస్విని ఎంత బాగా చేసిందో. దాతలు కళ్ళారా చూస్తేనే కదా ఇంకో పాపకు ఇచ్చేది."

అక్షిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాడకట్టు పిల్లలు ఆ పిల్లను ముసల్దీ అని పిలిచేవాళ్ళు. పళ్ళు వచ్చాకే ఆ పిలుపు పోయింది. తల్లీకూతుళ్ళను స్టేజీ ఎక్కించాక ఆ చేతుల్ని మేడం మెల్లగా తీసి, మైకు పట్టుకుంది. కింద అందరూ ఫోన్లు పైకెత్తారు. అక్షిత తల్లి వైపు చూసింది.

"తియ్యది మేడం," అంది వనిత.

మేడం మైకు పక్కకు తిప్పి, నవ్వు చెరగనీయకుండా అంది. "ఒక్క నిమిషం పనమ్మా. మళ్ళీ సెట్టు బిగుతైనప్పుడు మీరు మా దగ్గరికే కదా రావాలి."

"వస్త. అప్పుడు ఇస్తరో, ఇయ్యరో. మా పొల్ల నోరు గింతమందికి చూపియ్య."

వనిత పిల్లను ఎత్తుకుని దిగింది. నేరుగా కూలర్ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పట్టి, సోఫాల నుంచి వెనక్కి, పద్మ కూర్చున్న వైపుకు తిప్పింది. ఎవరో ఏయ్ అన్నారు. మనస్విని పక్కనే అక్షితను కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి ఇద్దరి మెడల మీదా పరిచింది.

"దుకాణం సంగతి నువ్వే చెప్పినవ్ గదా," అంది పద్మ.

"ఔ అక్కా."

"నాకెర్కే. పోయినేడు జంగమ్మ సంగతి నేను చెప్పిన. ఆమె మగనికి ఆటో ఉన్నదని." పద్మ అరచెయ్యి చాపింది. మనస్విని సెట్టు తీసి అందులో పెట్టి, నొప్పి తగ్గినట్టు ఊపిరి వదిలింది.

అప్పుడే మైకులో మేడం గొంతు వినిపించింది. "మన మనస్విని వచ్చి చూపిస్తుంది. ఈ పాపకు కొత్త సెట్టు కావాలి. మీరు మనసు పెడితే ఇవాళే."

పద్మ చేతిలోని పళ్ళ వైపు చూసింది. కూతురి నోటి వైపు చూసింది.

వెళ్ళొద్దక్కా అందామనుకుంది వనిత. అనకుండా పిల్లల మెడల మీది తువ్వాలు సర్దింది. పిల్ల పుండు చూసి వద్దనాలనిపించిందో, ఆ కొత్త సెట్టు వీళ్ళకు పోతుందని వద్దనాలనిపించిందో ఆమెకే తేలలేదు. పిల్లలిద్దరూ గాలికి కళ్ళు మూసుకున్నారు. మైకులో మనస్విని పేరు మళ్ళీ వినిపించింది. పద్మ పిడికిలి మూసుకుంది. ఇంకా లేవలేదు.